హేమ్లి అన్నది, నేను రాసింది

1996 ఆగస్టు 4, ఆదివారం

రోడ్డుకు అవతల, నా బూత్‌కి ఎదురుగా, పిచ్చయ్యగారు ఇవాళ ఇంకో బూత్ తెరిచారు. పసుపు బోర్డు మీద ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ., దాని కింద ఎర్రగా ఫ్యాక్స్. రెండు లైన్లు. గాజు క్యాబిన్‌లో చిన్న ఫ్యాను కూడా. బూర్గంపాడు నుంచి ఫ్యాక్స్ ఎవరు ఎవరికి పంపుతారో నాకు తెలియదు కానీ, జనం మాత్రం వెళ్ళి ఆ మిషన్‌ని చూసి వస్తున్నారు.

రేటు ఇద్దరిదీ ఒకటే. టెలికం డిపార్ట్‌మెంటు కట్టిన రేటు, తగ్గించడానికీ వీల్లేదు, పెంచడానికీ వీల్లేదు. ధర కదలని చోట ఇద్దరు అమ్మకందార్లు దేంతో పోటీపడతారు? జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పిన పదకొండేళ్ళూ ఈ ప్రశ్న నేనే ఇచ్చాను, ద్విస్వామ్యం పాఠం కింద, పది మార్కులకు. సేవతో అని రాసేవాళ్ళు పిల్లలు. టిక్కు పెట్టేదాన్ని.

భోజనం దగ్గర ఈయన అన్నారు: "ఎందుకంత దిగులు? ఫోనొస్తే మనిషిని పిలిపించేది ఈ ఊళ్ళో నువ్వొక్కదానివే. పిచ్చయ్య చేస్తాడా ఆ పని?"

చెయ్యడు. హైదరాబాదు నుంచో ఖమ్మం నుంచో ఎవరైనా నా నంబరుకు చేసి ఫలానా వాళ్ళని పిలవమంటే "అరగంటాగి చెయ్యండి" అంటాను. బూత్‌లో నాకు సాయంగా ఉండే ముత్తక్క లేచి వెళ్తుంది, కోయగూడేనికైనా తండాకైనా. అరగంటకి ఆ మనిషి వచ్చి బురద చేతులు తుడుచుకుంటూ నా బెంచీ మీద కూర్చుంటాడు. ఫోను మోగుతుంది. మాట్లాడి వెళ్ళిపోతాడు. దానివల్ల నాకొచ్చేది ఏమీ లేదు. మూడేళ్ళుగా అలా చేస్తున్నాను, అది నా మంచితనం అనుకుంటూ.

ఆగస్టు 9

ఉన్నది ఒక్క లైను. వెదురు కాంట్రాక్టరు చెంచురామయ్యగారు రాజమండ్రి మాట్లాడాలని వచ్చారు. లోపల కొండమ్మ, కొడుకు హైదరాబాదు నుంచి చేస్తే మాట్లాడుతోంది. గేదె ఈనిందని మొదలుపెట్టి దూడ నుదుటి మచ్చ దాకా చెప్పింది. చెంచురామయ్యగారు రెండుసార్లు వాచీ చూసుకుని రోడ్డు దాటారు.

ఆగస్టు 10

మళ్ళీ దాటారు.

ఆగస్టు 13

ఇకనుంచి కొత్త పద్ధతి. వచ్చిన ఫోనుకి మనిషిని పిలిపించడం లేదు. కబురేదో చెప్పించుకుని చీటీ మీద రాసి, టైము వేసి, ముత్తక్కతో పంపుతాను. నిమిషంలో లైను ఖాళీ. కబురు అందుతుంది, లైనూ నిలుస్తుంది. ఎవరికీ నష్టం లేదు. కాలేజీ రోజుల ప్రశ్నపత్రాలు మిగిలినవి చాలా ఉన్నాయి. వాటి వెనకవైపు రాయడానికి పనికొస్తాయని నాలుగేసి ముక్కలు చేసి దారం కట్టాను.

ముత్తక్క ఆ కట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆళ్ళకు సదువు రాదాయె. మల్ల ఏమన్న అడిగితే గీ కాయితం చెప్తదా అమ్మా?"

"తండాలో పంతులున్నాడుగా, చదివి చెప్తాడు."

"గట్లనా. ఇగ నా నోరు బందు పెట్టినవన్న మాట. మా ఇంటాయన వింటే నీకు దండం పెడతడు."

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టు 22

చెంచురామయ్యగారు నాలుగు రోజులుగా నా దగ్గరికే వస్తున్నారు. రాజమండ్రి, నాగపూరు. రెండు నంబర్లూ నాకు కంఠతా వచ్చేశాయి.

హైదరాబాదులో జేబులో పెట్టుకునే ఫోనులు వచ్చాయని, ముందు ముందు ప్రైవేటు కంపెనీలూ దిగుతాయని పేపర్లో రాశారు. ఆ రోజొస్తే నేనూ పిచ్చయ్యగారూ రోడ్డుకు చెరోపక్క కూర్చుని ఒకరినొకరం చూసుకుంటాం. అప్పటిదాకా మాత్రం పోటీ.

ఆగస్టు 28, బుధవారం

తండా దేవ్లా చనిపోయాడు. ఏటా సీతాఫలాల కాలంలో ఒక బుట్ట తెచ్చి గుమ్మంలో పెట్టి, డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయే ముసలాయన. కంటి ఆపరేషనుకి ఖమ్మం పెద్ద దవాఖానాలో చేరాడు. మిర్చి యార్డులో కూలిపని చేసే కూతురు హేమ్లి దగ్గరుండి చూసుకుంటోంది. పొద్దున ఆమే ఫోను చేసింది. చీటీ రాసి పంపాను. కొడుకు మోతీ జీపు మాట్లాడుకుని శవాన్ని తేవడానికి మధ్యాహ్నమే బయల్దేరాడట.

కంటి ఆపరేషనుకి మనిషి పోతాడా? గుండె అయ్యుంటుంది. పాపం.

ఆగస్టు 29

దేవ్లా చనిపోలేదు.

ఆగస్టు 30

నిన్న రాయలేకపోయాను. ముత్తక్క చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

బుధవారం పొద్దున దవాఖానా వాళ్ళు దేవ్లాని ఇంటికి వెళ్ళమన్నారు. కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. రెండో కన్ను ఆయనకు ఏనాడో పోయింది. హేమ్లికి యార్డులో సెలవు దొరకలేదు. పదింటి బస్సులో కూర్చోబెట్టి, బూర్గంపాడు క్రాస్ రోడ్డులో దించమని కండక్టరుకి చెప్పి, నాకు ఫోను చేసింది. అన్న వచ్చి బస్సు దగ్గర తండ్రిని అందుకోవాలని.

అన్న జీపులో ఖమ్మం వెళ్ళాడు. కొత్తగూడెం దగ్గరో పాల్వంచ దగ్గరో ఆ బస్సూ ఈ జీపూ ఎదురుపడే ఉంటాయి.

రెండింటికి కండక్టరు ఆయన్ని క్రాస్ రోడ్డులో దించి, రాయి మీద కూర్చోబెట్టాడు. మీ కొడుకు వస్తాడా అంటే వస్తాడన్నాడట. వర్షంలో సాయంత్రం దాకా కూర్చున్నాడు. తర్వాత కాళ్ళతో తారు తడుముకుంటూ నడక మొదలుపెట్టాడు. మూడు కిలోమీటర్లు. తండాకి ముందున్న కల్వర్టు దగ్గర తారు పోయి గుంట పడిందని ఆయనకు తెలియదు. బోర్లా పడ్డాడు. మేకలు తోలుకొస్తున్న వాళ్ళు చూసి మోసుకొచ్చారు. తండాకి తెచ్చేసరికి ఆయన కోసం ఏడుపులు. ఆయన భార్య మోచేతి పై గాజులు అప్పటికే తీసేసింది.

"మనిషిని చూసి అందరు దయ్యమని ఉరికిన్రంట," అంది ముత్తక్క. ఆమెకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

ఆగస్టు 31

ఎవరైనా అలాగే అనుకుంటారు. "మా బాపు పోయిండు" అంటే, అదీ దవాఖానా నుంచి, ఇంకేమనుకోవాలి? మా పుట్టింట్లో బయటికి వెళ్తూ 'పోతున్నాను' అంటే అమ్మ నోటి మీద కొట్టేది. వెళ్ళొస్తాను అనాలి. పోవడం అంటే మాకు ఒకటే.

లైను కూడా సరిగ్గా లేదు. గరగర.

సెప్టెంబరు 3

దేవ్లాని మళ్ళీ ఖమ్మం తీసుకెళ్ళి తెచ్చారు. కుట్లు విడిపోయాయి, లోపల చీము పట్టింది. ఇక ఆ కన్ను రాదన్నారట.

సెప్టెంబరు 5

పాత విద్యార్థులు ఇద్దరు వచ్చారు, ఇవాళ టీచర్స్ డే అని. ఒక పెన్ను ఇచ్చారు. "మేడం ఒక్క పదం తప్పు రాయనిచ్చేవారు కాదండీ" అని ఈయనతో చెబుతున్నారు. పకోడీలు వేయించే నెపంతో నేను లోపలికి వెళ్ళాను.

సెప్టెంబరు 8, ఆదివారం

హేమ్లి చేసింది. ఆదివారం రేటు తక్కువ కాబట్టి ఇవాళ చేసిందట.

"అమ్మా, ఆ దినం నేను ఏమన్ననో నీకు యాదుందా?"

"లైను బాగాలేదు హేమ్లీ."

"'పోయిండు' అన్న. బస్సుల పోయిండని చెప్పబోతాంటే..."

"కట్ అయింది."

"అవ్, కట్ అయింది," అంది. వెంటనే నమ్మింది. "మల్ల రెండు పార్లు చేసిన. నీ లైను బిజీ వచ్చింది. యార్డుల పిలిస్తే ఉరికిన. నాదే తప్పంటున్రు, బతికున్న తండ్రికి సావు కబురు పంపినవని. పెద్దలు కూసున్నరంట. కులం ముందట తప్పు ఒప్పుకునేదాక తండల అడుగు పెట్టొద్దన్నరంట. నేనెందుకు ఒప్పుకోవాలె అమ్మా? నేను మంచిగనే చెప్పిన. నువ్వు చెప్పరాదే జర."

చూద్దాం అన్నాను.

సెప్టెంబరు 9

మోతీ వచ్చాడు. నేను నోరు విప్పేలోపే తను మొదలుపెట్టాడు. "దాని ఫోనొస్తే మా బాపును పిలవకున్రి మేడమ్. దాని తెలుగే గంత. మా తండల గోర్ మాట తప్ప ఒక్కటి సక్కగ రాదు. దాని నోరు మంచిది కాదని మా అమ్మ ఒకటే ఏడుస్తది."

నేను అన్నాను: "ఫోనులో మీవాళ్ళ తెలుగు ఒక్కోసారి అర్థం కాదు మోతీ."

ఎందుకన్నాను? అతను అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాసిన పిల్లలకి నేను సున్నా వేసేదాన్ని.

సెప్టెంబరు 12

లైను బాగాలేదు. లైను నిజంగానే బాగాలేదు. ఆ వారం వర్షాలు.

సెప్టెంబరు 15, ఆదివారం

హేమ్లి ఫోను. "మా బాపును పిలుస్తవా? ఒక్క మాట."

"ఎవరూ రారు హేమ్లీ," అన్నాను. పిలవకుండానే.

సెప్టెంబరు 17

ముత్తక్క ఊడుస్తూ కొంగుముడి విప్పి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. "మోతీ గుడిసెల పడేసిండు. నీ అచ్చరాలు గద, తొక్కుతరని తెచ్చిన."

నా చీటీ. నా గుండ్రటి అక్షరాలు. 'శ్రీ దేవ్లా గారు ఈ ఉదయం చనిపోయారు. కుమార్తె హేమ్లి. 10.41'. వెనకవైపు అచ్చులో 'క్రింది ప్రశ్నలకు సంక్షిప్తముగా సమాధానములు వ్రాయుము' అని ఉంది.

ఆ బుధవారం నాటి చెంచురామయ్యగారి రాజమండ్రి కాల్ బిల్లు కార్బన్ కాపీ తీశాను. మొదలైన టైము 10.42. హేమ్లి ఫోను వచ్చిన ఒక్క నిమిషానికి.

ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను, కాబట్టి ఇక్కడైనా రాయాలి.

గరగర లేదు. హేమ్లి గొంతు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపించింది. "అమ్మా, హేమ్లిని. మా బాపు పోయిండు. మా అన్నకు చెప్పు, బస్సు..." చెంచురామయ్యగారు లేచి చెప్పులు వేసుకుంటున్నారు. నేను రిసీవర్ పట్టుకునే, కుడిచేతి చూపుడువేలితో మీట నొక్కాను. తర్వాత రిసీవర్ ఆయనకు అందించి, "రండి, ఖాళీ అయింది" అన్నాను. ఆ తర్వాత చీటీ రాశాను.

లైను తెగలేదు. నేను తెంచాను.

బస్సు అన్నమాట విన్నాను. శవాన్ని బస్సులో తెస్తున్నారేమో అనుకున్నాను. అప్పుడు అనుకున్నానా? ఇప్పుడు అనుకుంటున్నానా? ఎంత తవ్వినా తెలియడం లేదు.

మా అమ్మ మాటా అబద్ధమే. పెళ్ళై ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళు. సార్ పోయిండు, బస్సు పోయింది, కరెంటు పోయింది, రోజుకు వందసార్లు వింటాను. అంతకు ముందు రోజే పోస్టుమాన్ "మా పెద్దసారు ఖమ్మం పోయిండు మేడమ్" అంటే, ఎప్పుడొస్తారని అడిగాను. ఆ పెద్దసారు కోసం నేను ఏడవలేదు.

హేమ్లి మాటలో రెండు దారులున్నాయి. ఆమె మాటే రాసి ఉంటే మోతీ ఒక్కసారైనా ఆగి "యాడికి పోయిండు?" అని అడిగేవాడు. నేను దాన్ని మంచి తెలుగు చేశాను. శ్రీ పెట్టాను, గారు పెట్టాను, చనిపోయారు అన్నాను. ఒక్క దారే మిగిల్చాను.

ముత్తక్క వెళ్ళి నోటితో చెప్పినా ఆమె కూడా పోయిండనే చెప్పేది.

సెప్టెంబరు 19

ఈయనకు చెప్పాను. వింటూ పేపరు మడత పెట్టారు. ఈయన మనసులో ఏదో కదిలిందంటే పేపరు మడత పెడతారు.

"ఇప్పుడు చెప్తే కన్నొస్తుందా రాణీ? ఆ పిల్ల ఎలాగూ ఖమ్మంలోనే బతుకుతోంది. రేపు పిచ్చయ్య దీన్ని బజారంతా చెప్పుకుంటాడు, మన దగ్గర ఫోను చేస్తే బతికున్నవాళ్ళు చస్తారని."

నిజమే అనిపించింది. నాకు పనికొచ్చే మాటలన్నీ నిజంగానే ఉంటాయి.

సెప్టెంబరు 22, ఆదివారం

హేమ్లి చెయ్యలేదు. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. తను కాకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను. హాయిగా లేదు.

సెప్టెంబరు 26

కలలో కూడా ఆ మీట మీద నా వేలే.

సెప్టెంబరు 29, ఆదివారం

పది దాటాక మోగింది. హేమ్లి. ఈసారి ఏమీ అడగలేదు. "బాపు తింటున్నడా అమ్మా?" అంది అంతే.

"గంటాగి చెయ్యి," అన్నాను.

"ఎవరొస్తరమ్మా?" అంది.

"నువ్వు చెయ్యి. పదకొండున్నరకి."

చెంచురామయ్యగారు బెంచీ మీద నుంచి లేచారు. లైను ఇవ్వనన్నాను. "ఖాళీగానే ఉందిగా అమ్మా?" అన్నారు. "ఒకరికి మాటిచ్చానండీ. ఎదురుగా వెళ్ళండి, రెండు లైన్లున్నాయి," అన్నాను. నాకు జ్వరమా అన్నట్టు చూసి వెళ్ళారు. ముత్తక్కని ఫోను దగ్గర కూర్చోబెట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వద్దని చెప్పాను.

"నేను పోతగద తండకు?"

"ఇది నేను వెళ్ళాల్సింది."

"చీటీ లేకుంటనా?" అంది. ఆ మాటకి ముఖం తిప్పుకున్నాను.

మూడేళ్ళలో నేను తండాకి నడిచింది ఇదే మొదలు. చీర కుచ్చిళ్ళు బురదయ్యాయి. దారిలో ఆ కల్వర్టు. గుంటలో ఎవరో ఒక రాయి వేశారు, ఇప్పుడు.

దేవ్లా పాక ముందు నులక పేనుతున్నాడు. కళ్ళు లేకపోయినా వేళ్ళు ఆగడం లేదు. భార్య పక్కన కూర్చుని పీచు అందిస్తోంది. మోతీ, తండా పెద్ద లాలు అరుగు మీద ఉన్నారు. నన్ను చూసి మోతీ మంచం వాల్చబోయాడు. వద్దన్నాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"చీటీలో ఉన్నది హేమ్లి మాట కాదు. నాది. ఆ పిల్ల పోయిండని మీలాగే చెప్పింది. బస్సు అని కూడా అంది. మొత్తం వినకుండా నేనే ఫోను పెట్టేశాను."

మోతీకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "లైను కట్టయిందని చెల్లె అన్నది గద?"

"నేనే అలా చెప్పాను. కట్ చేసింది నేను. వెదురు కాంట్రాక్టరు బయట నిలబడ్డాడని."

"కాంట్రాక్టరా," అన్నాడు మోతీ. లేచి పాక వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "నేను దాన్ని ఎన్ని మాటలన్ననో తెల్సా నీకు? నా ఇంటికి రాకు, నా ముఖం చూడకన్న. తోడబుట్టినదాన్ని! నువ్వేమో ఆ దినం నా ముందట కూసోని, మీవాళ్ళ తెలుగు అర్థం కాదంటివి."

"అన్నాను."

లాలు చుట్ట ఆర్పి నన్ను కాసేపు చూశాడు. "గంత సదువుకున్నవు గదమ్మా. పోయిండంటే నీకు తెల్వదా?"

"తెలుసు."

దేవ్లా భార్యకి తెలుగు సరిగా రాదు. కొడుకు వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె నా వైపు చూడలేదు. పీచు అందిస్తున్న చేతికి గాజులున్నాయి, మళ్ళీ వేసుకున్నట్టుంది. చెయ్యి మాత్రం ఆగింది.

దేవ్లా తల ఎత్తాడు, నేనున్న వైపు కాదు, కొంచెం పక్కకి. "ఫోను ఎన్నింటికి?"

"పదకొండున్నరకి, దేవ్లా."

"అయితే నా రుమాలు తే," అన్నాడు భార్యతో. తలకి చుట్టుకుని లేచాడు.

నేను చెయ్యి పట్టుకోబోయాను. మోతీ ముందుకొచ్చి తండ్రి భుజం పట్టుకున్నాడు. వాళ్ళు పది అడుగులు ముందు నడిచారు, నేను వెనక. బయల్దేరేముందు లాలు అన్నాడు: "వచ్చే ఐతారం పెద్దలం కూసుంటం. ఇప్పుడన్నది మల్ల అందరి ముందట చెప్పాలె. చీటీ పంపకు. నువ్వే రా."

వస్తానన్నాను.

కల్వర్టు దగ్గర దేవ్లా ఆగాడు. కాలితో తడిమాడు. "గిదేనా?"

"గిదే బాపు," అన్నాడు మోతీ.

కాసేపు ముగ్గురం అక్కడే నిలబడ్డాం. తర్వాత ఆయన ఆ రాయి మీద కాలు ఆనించి దాటాడు.

బూత్‌లో ముత్తక్క కోడిపెట్ట గుడ్లు పొదిగినట్టు రెండు చేతులతో ఫోనుని కప్పుకుని కూర్చుంది. "ముగ్గురొచ్చిన్రు. అందర్నీ పిచ్చయ్య కాడికి తోలిన," అంది గర్వంగా. మోతీ లోపలికి రాలేదు, రోడ్డు మీదే నిలబడ్డాడు.

మోగింది. నేనే ఎత్తాను.

"హేమ్లీ, నువ్వు సరిగ్గానే చెప్పావు. లైను తెగలేదు. నేనే పెట్టేశాను. ఇప్పుడే మీవాళ్ళకి చెప్పాను. తప్పు నాది."

వెనక బజారు చప్పుడు, ఆటో హారను. ఆమె ఊపిరి వినిపిస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"బాపు ఉన్నడా?" అంది.

రిసీవర్ ఆయన చేతికిచ్చాను. తలకిందులుగా పట్టుకున్నాడు. ముత్తక్క తిప్పి చెవికి ఆనించింది. ఆయన మాట్లాడిందంతా వాళ్ళ భాషలో. నాకు తెలిసింది హేమ్లి అన్న పేరొక్కటే, అది చాలాసార్లు వచ్చింది. అవతల ఆమె ఏడుస్తున్నట్టుంది, ఆయన మధ్యమధ్య ఊ అంటూ తలాడిస్తున్నాడు, ఆమె చూస్తున్నట్టే. ఎదుటి బూత్‌లోంచి చెంచురామయ్యగారు పని ముగించుకుని బయటికొచ్చి, మా వైపు ఒకసారి చూసి స్కూటరెక్కారు.

చివర్లో ఆయన తెలుగులో అన్నాడు. మాటకి మాట విడదీసి, గట్టిగా అన్నాడు. కూతురికి తెలుగులో చెప్పాల్సిన పనేముంది? అది నాకోసమేనేమో. తెలియదు.

"నేను యాడికి పోలే, బిడ్డా."

ఆయన అంతటితో ఆపలేదు, మళ్ళీ వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయాడు. ఎంతసేపు మాట్లాడాడో నేను టైము చూడలేదు. వాళ్ళు ముగించేదాకా కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.